తలుపు పక్క సరుకు

“రంగుల్లో వద్దమ్మా, నలుపు తెలుపుల్లో ప్రింట్ తియ్యి,” అన్నాడు బాబాయి, కంప్యూటర్ ముందు కూర్చున్న ఆమె భుజం మీద చెయ్యి వేసి.

కంటైనర్లో ఏ సరుకు ఎక్కడుందో చూపించే బొమ్మ కంప్యూటర్లో ఉంది. తలుపు పక్కన, అట్టపెట్టెల మీద ఎక్కించిన ఇనుప మోటార్లు అందులో ఎర్రగా కనిపిస్తున్నాయి.

“ఎరుపంటే కూలిపోతాయని, బాబాయ్. తలుపు తీసినవాడి మీదే పడతాయి. దింపి మళ్ళీ సర్దిద్దాం.”

“ఓడ మన కోసం ఆగుతుందా? నలుపు తెలుపుల్లో అన్నీ ఒక్కలాగే ఉంటాయి. కానియ్యి.”

పాపం, ఈ సాఫ్ట్‌వేర్ సంగతి ఆయనకు అర్థం కావడం లేదనుకుంది. బొమ్మను తిప్పి చూపించబోతుంటే ఆయన ఫోను మోగింది. చేసింది రేవులో సరుకు అప్పగించే ఆయన కొడుకు.

“ఒరేయ్, తనిఖీ అప్పుడు ఆ తలుపు నువ్వు తియ్యకు. హమాలీల చేత తీయించి, నువ్వు దూరంగా నిలబడు.”

ఆయన చెయ్యి ఇంకా ఆమె భుజం మీదే ఉంది. నాన్న పోయాక తనను పెంచిన చెయ్యి అది. పురుగును విదిలించినట్టు విదిలించుకుని లేచి, కిటికీలోంచి బయట కంటైనర్ దగ్గరున్న కూలీలకు కేకేసింది.

“సరుకంతా దింపెయ్యండి!”

“ఎవరు చెప్పారని?” అని ఉరిమాడు బాబాయి.

“అయితే రండి, తలుపు మీరే తీద్దురుగాని.”

ఆమె ఆయన్ని ‘మీరు’ అనడం అదే మొదలు. ఆయన నిలబడ్డ చోటునుంచి కదల్లేదు.