రోడ్డు మీద కళ్ళాపి

శ్రీకృష్ణ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాడు.

కారు సైలెన్సర్ టపటపా పేలింది. జానెడు మంట బయటికొచ్చింది.

రోడ్డు పక్కన నిలబడ్డ స్నేహితులు ఈల వేశారు. ఒకడు వీడియో తీశాడు.

వాళ్ళకి అవతల ఒక ముసలాయన లేచాడు. తలకి తువ్వాలు, చేతిలో ఇనప బక్కెట్టు. కారు వెళ్ళిన దారిలో నీళ్ళు చల్లుకుంటూ వచ్చాడు.

ప్రత్తిపాడు దాటాక ఆ ఊరి రోడ్డు పొడవునా పత్తి ఉంది. ట్రాక్టర్ల నుంచి రాలింది కొంత. తేమ ఎక్కువని కొనేవాళ్ళు తిప్పి పంపితే జనం ఇళ్ళ ముందు ఆరబోసుకున్నది కొంత.

"ఏం తాతా, రోడ్డుకి కళ్ళాపి చల్లుతున్నావా? ముగ్గు కూడా వెయ్యి," అన్నాడు శ్రీకృష్ణ, కారు ఆపి.

"నిప్పురవ్వలు పడుతున్నాయి బాబూ. పత్తి అంటుకుంటుంది."

"నీది ఈ ఊరేనా?"

"కాదు."

"నీ పత్తి ఉందా ఇక్కడ?"

"లేదు."

"మరి నీకెందుకు?"

ముసలాయన బక్కెట్టులో మిగిలిన నీళ్ళు చల్లాడు. కొన్నాళ్ళుగా సాయంత్రం బస్సుకి వచ్చి, కుళాయి దగ్గర బక్కెట్టు నింపుకుని కూర్చుంటున్నాడు. ఎవరో ఎవరికీ తెలియదు.

"కారు కంప్యూటర్లో పెట్టించిన ఆ ప్రోగ్రాం తీయించెయ్యి బాబూ. ఇంజన్లో కాలని పెట్రోలు గొట్టంలోకి వచ్చి మండుతోంది."

"ఓహో, మెకానిక్కువా?"

"కాదు. ఇంట్లో అంటుంటే విన్నాను."

స్నేహితుల్లో ఒకడు బక్కెట్టు లాక్కుని కాలవలోకి విసిరాడు. అందరూ నవ్వారు.

ముసలాయన కాలవ వైపు చూశాడు. వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు.

వీడియో సరిగా రాలేదని శ్రీకృష్ణ ఇంకోసారి కారు తిప్పుకొచ్చాడు.

కోటిరత్నం ఇంటి ముందు పత్తి అంటుకుంది. కౌలు చేను పత్తి. ఆ ఏటికి ఆమెకున్నది అదే. జనం బిందెలతో వచ్చేసరికి బూడిద మిగిలింది.

"ఎవరు చేశార్రా ఇది?" అని అడిగింది కోటిరత్నం.

"ఆ బక్కెట్టు ముసలోడే అత్తా," అన్నాడు శ్రీకృష్ణ. "ఊరు కానివాడు. రోజూ మీ ఇంటి వైపే చూస్తూ కూర్చునేవాడు. కళ్ళారా చూశాం."

స్నేహితులు తలూపారు. కోటిరత్నం నమ్మింది.

మర్నాడు సాయంత్రం ముసలాయన బస్సు దిగగానే జనం పట్టుకున్నారు. కొట్టి పోలీసులకి అప్పగించారు.

శ్రీకృష్ణ అటునుంచి అటే గుంటూరు వెళ్ళాడు. కారుకి ట్యూనింగ్ చేసిన సలీం షాపు అక్కడ.

"సలీమన్నా, ఆ ప్రోగ్రాం తీసేసి పాతది పెట్టెయ్. ఎవరూ కారు చూడకముందే."

"అప్పుడే చెప్పాను కదా తమ్ముడూ. కాలు తీశాక కూడా పెట్రోలు పోస్తే అది సైలెన్సర్లో మండుతుందని. మంట కావాల్సిందే అన్నావు. డబ్బులిచ్చావు, చేశాను." సలీం లాప్‌టాప్ వైరు కారుకి తగిలించాడు. "ఏమైంది?"

"పత్తి తగలబడిందిలే. భయం లేదు. ఒక పిచ్చి ముసలోడి మీదికి పోయింది. ఇందాక బక్కెట్టుతో సహా దొరికాడు."

సలీం చెయ్యి ఆగింది.

"ఏ బక్కెట్టు?"

"ఎర్రది. ప్లాస్టిక్‌ది. స్టిక్కర్ కూడా ఊడలేదు."

"పొద్దున నేనే కొనిచ్చాను," అన్నాడు సలీం. "నేను చేసిన పనికి మా నాన్న అక్కడ కాపలా కూర్చుంటున్నాడు."