పిట్టలవానిపాలెం పొగ

నిప్పు పెడుతున్నదెవరో కృష్ణకాంత్‌కి తెలుసు. పిట్టలవానిపాలెం రైతు వెంకటకృష్ణయ్య. కోతయ్యాక పొలంలో మిగిలిన వరిగడ్డిని తగలబెట్టకూడదని రూలు. ఉపగ్రహం పంపే బొమ్మలో ఆ పొగ అతని చేలో లేచి, రేపల్లె దాకా తెల్లగా సాగి కనిపిస్తూనే ఉంది. కానీ మంట కళ్ళారా చూస్తేనే కేసు. కృష్ణకాంత్ తెనాలి నుంచి వెళ్ళేసరికి అక్కడ మంటా ఉండదు, మసీ ఉండదు. చేనంతా ట్రాక్టరుతో దున్నేసి, నీళ్ళు పెట్టేసి, గట్టు మీద తాపీగా కూర్చుని ఉంటాడు వెంకటకృష్ణయ్య.

ఇందాకటి పొగేంటని మొదటిసారి అడిగితే, ఎండుచేప కాల్చుకున్నామని చెప్పాడు.

ఈ నెలలో ఒక్క కేసన్నా రాయకపోతే పొగ నిఘా అధికారి అనే ఉద్యోగాన్నే ఎత్తేస్తామన్నారు పైవాళ్ళు. కృష్ణకాంత్ పంచాంగం తిరగేశాడు. గ్రహాలనూ ఉపగ్రహాలనూ సమానంగా నమ్మే మనిషి పాపం, రెండూ కలిసి చేతులెత్తేశాయి.

ఎవడో ఉప్పందిస్తున్నాడు. ఇంకెవడు, డ్రైవర్ అన్సారే.

మళ్ళీ పొగ కనిపించగానే కృష్ణకాంత్ ఇంటి ముందే అన్సార్ చేతిలో ఫోను లాక్కుని, అతణ్ణి వెనకసీట్లో కూర్చోబెట్టి, జీపు తనే నడిపాడు. దారి పొడవునా గేర్లు ఎప్పుడు మార్చాలో అన్సార్ చెబుతూనే ఉన్నాడు. తీరా వెళితే చేనంతా బురద.

ఆ తర్వాత అన్సార్‌ని బలవంతాన సెలవు మీద పంపాడు. పొగ లేవగానే, ఎక్కడికెళుతున్నదీ భార్య భువనేశ్వరికి కూడా చెప్పకుండా, లుంగీ కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టి, శకునం మాత్రం చూసుకుని ఇంట్లోంచి బయటపడి బాపట్ల బస్సెక్కాడు. అక్కడి నుంచి ఆటో.

వెళ్ళేసరికి బురద. ఈసారి వెంకటకృష్ణయ్య టీ కూడా పెట్టించి ఉంచాడు.

కృష్ణకాంత్ గట్టు మీద కూలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ. ఉద్యోగం ఎలాగూ పోయినట్టేనని, ఇక కేసూ గీసూ ఏమీ ఉండదని, కబురు పెట్టేది అన్సారేనని ఒక్కమాట చెబితే చాలని బతిమాలాడు.

వెంకటకృష్ణయ్యకి జాలేసింది.

"ఆ అబ్బాయికేం తెలీదు బాబూ," అన్నాడు టీ గ్లాసు అందిస్తూ. "మీరు గడప దాటేప్పుడల్లా, మంచి శకునమని మీ ఆవిడగారు ఎదురు రమ్మని పిలుస్తున్నది మీ పక్కింట్లో ఉండే మా అక్కనేనండి."