కల్లంలో ట్యూషను

అర్ధ సంవత్సరం పరీక్షల్లో జోహరాబీ కొడుకు మాబు మళ్ళీ ఫస్టొచ్చాడని వినగానే జయకుమారికి కడుపు భగ్గున మండింది.

తానేమో మిషన్ బడిలో టీచరు. పక్కింటి జోహరాబీ మిరపకల్లంలో తాలుకాయలు ఏరే మనిషి. అలాంటిది ఏడో తరగతిలో ఆమె కొడుకు ఫస్టు, తన ప్రేమదాసు సెకండూనా!

పైగా ఎవరో పెద్దాయన రోజూ సాయంత్రం మాబు కోసం కల్లానికి వస్తున్నాడు. పెదకాకాని ఊరికి కొత్త మనిషి. తెల్లపంచె, కళ్ళజోడు.

"దొంగచాటుగా ట్యూషను పెట్టించింది! ఎంత గుంభనంగా ఉందో చూడు" అని పళ్ళు నూరింది జయకుమారి.

ఆ సాయంత్రం కూడా ప్రేమదాసు ఇంట్లో కనబడలేదు. వెతుక్కుంటూ కల్లానికి వెళ్ళింది.

ఎండబోసిన మిరపకాయల పక్కన పెద్దాయన పంచె ఎగ్గట్టి గోళీలాడుతున్నాడు. అటు మాబు, ఇటు ప్రేమదాసు.

ప్రేమదాసు పగలబడి నవ్వుతున్నాడు. కన్నతల్లి దగ్గర వాడలా నవ్వి ఎన్నాళ్ళయిందో! దారినపోయే ఈయన దగ్గర మాత్రం నవ్వొచ్చిందా? ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"వాడికేమో పాఠాలు, మావాడికి గోళీలా? మావాణ్ణి చెడగొట్టమని ఆవిడ చెప్పిందా?"

"నేను పాఠాలు చెప్పనమ్మా. మీవాడు అన్నం సరిగా తింటున్నాడా?"

"మీకెందుకండీ? ఫస్టొస్తే వాడే తింటాడు. ఇంకోసారి మావాడి జోలికొస్తే మర్యాద దక్కదు!"

కొడుకు రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

వారం తిరక్కముందే ప్రేమదాసు ముద్ద ముట్టడం మానేశాడు. పుస్తకం తెరిస్తే వాంతి. అమ్మ పిలిస్తే వణుకు.

 జయకుమారి అభిమానం చంపుకుని జోహరాబీ గుమ్మం ఎక్కింది.

"ఆ మాస్టారు ఉన్నారా? మావాడు ఆయన దగ్గరైతే నవ్వుతాడు."

"మాస్టారు కాదు టీచరమ్మా, పిల్లల డాక్టరు. గురునాథం గారని, ఈ ఊళ్ళో చెల్లెలింటికి వచ్చారు. నిరుడు ఫస్టొచ్చిన కాణ్ణుంచీ, అది పోతుందేమోనని మావాడికి బెంగ. తిండీ మాటా మానేశాడు. ఆయనే ఆడించి ఆడించి మనిషిని చేశారు."

"అయితే ఒక్కసారి పిలిపించు జోహరాబీ!"

"నిన్ననే మద్రాసెళ్ళిపోయారమ్మా, కొడుకు దగ్గరికి. ఇక రారంట."

జయకుమారి అరుగు మీద కూర్చుని ఏడ్చేసింది. ఆ ఏడుపులోనూ కుళ్ళు పోలేదు.

"అదృష్టమంతా మీ మాబుదే."

"మావాడికి నయమై నెలైందమ్మా" అంది జోహరాబీ. "ఆ తర్వాత ఆయన రోజూ వచ్చింది మీవాడి కోసమే."