పొద్దుగూకని కోపం

మొజంజాహీ మార్కెట్లో పండ్లరసం అమ్మే స్వర్ణ, నేను వాళ్ల చర్చి పాస్టరునని, తన ఫోను స్పీకర్ ఆన్ చేసి నా చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పు అన్నా. అడగకుంట ఆయన స్కూటర్ మా తమ్మునికి ఇచ్చిన అని వారం సంది అలిగిండు."

ఫోనులో ఉన్నది ఆమె భర్త సురేందర్. ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రంలో తిరిగే ఓడలో వంటవాడు.

"తమ్మీ! పొద్దుగూకేలోపు కోపం విడువమని బైబిల్ వాక్యం ఘోషిస్తున్నది!" అని గర్జించాను.

"ఔ అన్నా. కానీ గీడ జులై దాకా పొద్దే గూకదు గదా!"

స్వర్ణ నా మొహంలోకి చూసింది. నేనొక బత్తాయి తీసుకుని, బల్బు వైపు ఒరగబెట్టి తిప్పాను. నిజమే, ఎంత తిప్పినా పైకొస వెలుగులోనే ఉంది. అంతమాత్రాన వాక్యం ఓడుతుందా?

"అంత పెద్ద భూమే సూర్యుడి ముందు తల వంచుకుని తిరుగుతున్నది. నీ తల వంగదా?"

అవతల నవ్వు వినిపించింది. "కోపం ఆనాడే పోయింది అన్నా. గీడ పగలు ఒడుస్తనే లేదు. నేను అలిగితేనే ఆమె గంటకోసారి ఫోన్ చేసి బతిమాలుతది."

స్వర్ణ ఫోను లాక్కుంది.

"గట్లనా? అయితే జర అలిగే ఉండు. గిరాకీని పంపిచ్చి మళ్ల చేస్త."