తెల్ల చుక్కలు

"ఆ సీసా అక్కడ పెట్టి వెళ్లు," అన్నాడు వెంకటనారాయణ.

పెద్దాయన సగం నిండిన సీసాను బోరు పక్కన పెట్టాడు.

ఆయన ఎవరో ఊళ్లో ఎవరూ పోల్చుకోలేదు. రెండు రోజులుగా బోరు బోరుకీ తిరిగి నీళ్లు పట్టుకుంటున్నాడు. కాగితం మీద ఊరి పటం గీసి, ఒక్కో బోరుకీ ఒక్కో అంకె వేస్తున్నాడు.

మార్టూరు చుట్టుపక్కల కాగితం పట్టుకుని తిరిగేవాడు కనిపిస్తే జనానికి ఒక్కటే భయం. నేల కింద గ్రానైటు రాయి పడిందని. రాయి పడితే క్వారీ వస్తుంది, మిరప చేలు పోతాయి.

"ఏ క్వారీ వాళ్లు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు బాబూ. నీళ్లు చూద్దామని వచ్చా."

"మా నీళ్లకేం? కొబ్బరినీళ్లు."

పెద్దాయన గుమ్మంలో నిలబడ్డ పాప కాళ్ల వంకే చూస్తున్నాడు. దిష్టి తగులుతుందని వెంకటనారాయణ భార్య కోటిరత్నం కూతుర్ని లోపలికి లాక్కుంది.

నాలుగేళ్ల శ్రీరమ్యకి ఏడాదిగా మోకాళ్ల దగ్గర కాళ్లు వంగిపోతున్నాయి. కోటిరత్నం మొక్కని దేవుడు లేడు. అమరావతి వెళ్లి అభిషేకం కూడా చేయించింది. ఏ జన్మ పాపమో అన్నారు అందరూ. ఇంత పిల్ల ఏం పాపం చేసి ఉంటుందో ఆ తల్లికి తోచలేదు.

ఆ పూటే నలుగురూ కలిసి పెద్దాయన్ని బస్సెక్కించేశారు.

ఉగాది నాటికి పాప వీధి చివరిదాకా కూడా నడవలేకపోయింది. గుంటూరు తీసుకెళ్లారు.

నీళ్లలో ఫ్లోరైడు వల్లే ఎముకలు వంగుతున్నాయన్నాడు డాక్టరు. చిన్నపిల్ల కాబట్టి ఇప్పుడు నీళ్లు మారిస్తే కాళ్లు దారికొస్తాయన్నాడు. మంచి బోరు ఏదో తెలియాలంటే మార్టూరులో అమానుల్లా నెట్ సెంటరుకి వెళ్లమన్నాడు.

అమానుల్లా కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. నెట్ కలిసేందుకు ఫోను తీగ కాసేపు కూతలు పెట్టాక, తెర మీద పైనుంచి కొంచెం కొంచెంగా వాళ్ల ఊరు దిగింది. రామాలయం, మసీదు, వీధులు. వాటి మీద రంగు చుక్కలు.

ఎర్ర చుక్క బోరు తాగకూడదు, నీలం చుక్క తాగొచ్చు, నొక్కితే ఎంత ఫ్లోరైడు ఉందో వస్తుందని చెప్పాడు అమానుల్లా. సీసాలతో తిరిగిన పెద్దాయనే ఈ పటం చేయించి, చదువురాని వాళ్లకీ తెలియాలని రంగులు పెట్టించాడట.

"మా వీధంతా తెల్లగా ఉందేంటి?" అన్నాడు వెంకటనారాయణ.

"తెల్లవి నీళ్లు చూడనివ్వని బోర్లండి."

కోటిరత్నం మసీదు వెనక నీలం చుక్క మీద వేలు పెట్టింది.

"ఇది మౌలాబీ పిన్ని బోరు. ఆయన్ని కూర్చోబెట్టి అన్నం పెట్టిందని మీరే ఆవిడతో తగువు పెట్టుకున్నారు."



ఆ సాయంత్రమే వెంకటనారాయణ మౌలాబీ ఇంటికి వెళ్లి బిందె పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ బిందె నింపి, పాపకి వేరే చిన్న బిందె ఇచ్చింది.

వానలు వెళ్లేసరికి శ్రీరమ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మౌలాబీ గుమ్మందాకా నడిచింది.

మర్నాడు వెంకటనారాయణ తెల్ల చుక్కల బోర్లన్నిటి నీళ్లూ సీసాలకి పట్టి, బస్తాలో వేసుకుని మార్టూరు వెళ్లాడు. పెద్దాయన్ని ఊరికి తీసుకెళ్లి బట్టలు పెడతామని అమానుల్లాతో అన్నాడు.

"పోయిన నెల కాలం చేశాడండి. పరీక్ష చేసే మందుల పెట్టె నాకిచ్చి వెళ్లాడు. సీసాలివ్వండి, నేను చూస్తా."

వెంకటనారాయణ బస్తా విప్పి సీసాలు బల్ల మీద పెట్టాడు.

"ఇంతకీ ఎవరాయన? గవర్నమెంటు మనిషా?"

"కాదండి," అన్నాడు అమానుల్లా మొదటి సీసా మూత తీస్తూ, "ఇరవై ఏళ్ల కింద ఊరూరికీ రిగ్గు బండి తెచ్చి, ఈ బోర్లన్నీ వేసింది ఆయనే."