వంపు తెర

కత్తి వెన్నులోకి పిడిదాకా దిగింది. సైనికుడు నోరు తెరిచాడు గాని అరుపు రాలేదు. మోకాళ్ల మీద బురదలో కూలి, పక్కకి ఒరిగిపోయాడు. తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా రక్తం చిమ్మింది.

"పాపం, వెనక్కి చూసుకోలేదు," అంది తెర కొనడానికొచ్చిన టామ్సిన్.

మౌస్ వదలకుండానే డెక్లన్ నవ్వాడు. ఆస్ట్రేలియాలోని మకాయ్ ఊళ్లో తను పనిచేసే కంప్యూటర్ల కొట్టులో వంపు మానిటర్ అమ్ముడు పోవాలంటే దాని మీద నరుకుడు ఆట చూపించాల్సిందేనని అతని సిద్ధాంతం. రెండు మామూలు తెరలంత వెడల్పు, రెండు చివరలూ ఆడేవాడిని కావలించుకుంటున్నట్టు ముందుకి వంగి ఉంటాయి. వచ్చినవాళ్లంతా రంగులెలా ఉన్నాయని అడుగుతారు. ఈవిడ ఆ ఊసే ఎత్తలేదు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడుతూనే ఉండమంది.

అతను ఒకణ్ణి గొంతు కోశాడు. ఇంకొకణ్ణి మేడ మీంచి తోశాడు. మూడోవాడి కోసం గురి చూస్తుండగా చల్లటి వేళ్లు మెడ వెనక తగిలాయి. కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

వెనక టామ్సిన్ నిలబడి ఉంది. వేలి కణుపుల మీద చర్మం దోక్కుపోయి ఎర్రగా ఉంది.

"నా వెనక్కి ఎప్పుడొచ్చారు?"

"చాలాసేపైంది. మీరు ఇద్దర్ని చంపుతున్నంతసేపూ ఇక్కడే ఉన్నా."

తర్వాత ఆమె ఆట మధ్యలో ఆపి లేవడం కుదురుతుందా అని అడిగింది. పదిమందితో కలిసి ఆడే ఆట ఆగదనీ, మధ్యలో వదిలేస్తే ర్యాంకు పడిపోతుందనీ, అరగంట దాకా ఇల్లు అంటుకున్నా ఎవడూ లేవడనీ డెక్లన్ చెప్పాడు. ఆమె నవ్వలేదు. గోడ గడియారం చూసుకుని, మా ఆయన పుట్టినరోజుకి ఒకటి పక్కన పెట్టమని చెప్పి గబగబా వెళ్లిపోయింది.

మర్నాడు ఆ తెర చూసుకోడానికి భర్తే వచ్చాడు. పేరు క్రెయిగ్. మెత్తటి మాట. కనుబొమ్మ మీద నల్లదారంతో కుట్లు, మెడ మీద గోళ్ల గీతలు.

బొగ్గు గనులకి పటాలు గీసే పని అతనిది. ఇంట్లోంచే పని, ఇంట్లోనే ఆట, వీధి గదిలో తలుపు దగ్గరే కుర్చీ, ఇలాంటి పనుంటే తప్ప గడప దాటనన్నాడు. వంపు తెర మీద తన పటం తెరిచి చూశాడు. గని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క చూపులో కనబడింది. చివరల్లో తిన్నటి గీతలు కాస్త వంగినట్టున్నాయని గొణిగాడు. ఆట మొదలుపెట్టాక ఆ గొణుగుడు ఆగిపోయింది. శత్రువుల్ని వరసగా పడగొడుతూ, రెప్ప కూడా వేయలేదు.

కుట్ల సంగతి అడిగితే, "మా వంటింటి అల్మరాకి నేనంటే పడదు గురూ," అని నవ్వాడు. పోతూ పోతూ వారంటీ కోసం తన నంబరిచ్చాడు. "నాకెప్పుడూ ఏమీ కొనివ్వని మనిషి. ఈమధ్య చాలా మారింది. నవ్వుతోంది కూడా."

ఆమె వేలి కణుపులు, ఇతని కుట్లు డెక్లన్ మనసులో పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. ఆమె మొగుణ్ణి చంపేలా ఉందని కొట్టు యజమానురాలు మొరీన్‌కి చెప్పాడు. ఆవిడ మాంసం కూరిన రొట్టె కొరుకుతూ విని, "ఆ ఆటలు ఆడి ఆడి నీకు ప్రతి చెట్టు వెనకా హంతకుడే కనబడుతున్నాడు. మొగుడూ పెళ్లాల మధ్య దూరకు," అంది.

శుక్రవారం టామ్సిన్ మానిటర్‌తో పాటు బయటి చప్పుడు బొత్తిగా వినబడనివ్వని హెడ్‌ఫోన్లు కూడా కొంది. పెట్టె అందుకుని మళ్లీ గోడ గడియారం చూసుకుంది.

డెక్లన్‌కి అన్నం సయించలేదు. కళ్లు మూస్తే క్రెయిగ్ మెడ, కూరగాయల కత్తి, వంపు తెర మీద కారుతున్న నెత్తురు. ఇక ఉండబట్టలేక శనివారం క్రెయిగ్‌కి ఫోన్ చేశాడు.

"తెర ముందు కూర్చునేటప్పుడు మీ వీపు గోడకి ఉండేలా చూసుకోండి."

ఎందుకని క్రెయిగ్ అడిగాడు. డెక్లన్ అంతా చెప్పాడు.

అంతా విని క్రెయిగ్ ఒక్కటే అడిగాడు.

"ఆట ఎంతసేపు ఆగదని అడిగిందా?"

"అడిగిందండీ. పోలీసులకి చెప్పమంటారా?"

"వద్దు గురూ. నా పెళ్లాం సంగతి నేను చూసుకుంటా. మంచిపని చేశావు."

డెక్లన్ ఆ రోజు హాయిగా తిన్నాడు. కానీ ఆదివారం మధ్యాహ్నం మళ్లీ మనసు పీకింది. బిల్లు మీది చిరునామా వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆ వీధి పోలీసు కార్లతో నిండి ఉంది. ఇంటి ముందు టేపు కట్టారు. పగిలిన కిటికీలోంచి వంపు తెర కనబడింది. దాని మీద ఆట ఇంకా సాగుతోంది. తెర అద్దానికి చిమ్మిన ఎరుపు ఆటలోది కాదు.

ఆలస్యమైపోయిందనుకున్నాడు.

అంతలో ఇద్దరు పోలీసుల మధ్య క్రెయిగ్ బయటికొచ్చాడు. ప్రాణాలతోనే ఉన్నాడు. చేతులకి బేడీలు, మోచేతుల దాకా నెత్తురు. టేపు దగ్గర డెక్లన్‌ని చూసి ఆగాడు.

"నువ్వు చెప్పినట్టే గురూ. సరిగ్గా ఆట మధ్యలోనే వచ్చింది."

వెనక స్ట్రెచర్ మీద, తల దాకా కప్పిన దుప్పటి కింద, టామ్సిన్‌ని తెస్తున్నారు. డెక్లన్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఒక నిండు ప్రాణం నిలబెట్టాననుకున్నాడు. ఆత్మరక్షణకి శిక్ష ఎలా వేస్తారు? టేపు కింద నుంచి దూరి వాకిట్లో ఉన్న ఒక పోలీసామె దగ్గరికి పరిగెత్తాడు.

"నేను సాక్ష్యం చెప్తానండీ. ఆమె చంపడానికే వెనక నుంచి వచ్చింది."

పోలీసామె అతన్ని ఎగాదిగా చూసింది. వాకిట్లో నిలిపి ఉన్న టామ్సిన్ కారు దగ్గరికి వెళ్లి తలుపు తీసింది.

వెనక సీట్లో, బట్టల పెట్టెల మధ్య, బెల్టు పెట్టిన వాళ్ల ఏడాది పాప ప్రయాణానికి సిద్ధంగా ఉంది.