డిస్కులకు బొట్టు

మెదడుజ్వరం వచ్చి తగ్గాక హైమ జ్ఞాపకాలన్నీ గోడకున్న పెట్టెలోనే ఉంటున్నాయి. ఇప్పుడు వీధిలో సగం ఇళ్ళలో అలాంటి పెట్టెలున్నాయి. పాతది మూలుగుతోందని మెకానిక్ సలోమి కొత్తది తెచ్చింది. నాలుగు డిస్కులూ ఊడదీసి, సుద్దతో నంబర్లు వేసి, పీటమీద ఎడమనుంచి వరుసగా పెట్టింది. కుర్చీలో హైమ రెప్పలు వేస్తోంది గానీ ఎవరినీ చూడటం లేదు.

సలోమి అటు తిరిగి వైర్లు బిగించేలోగా హైమ తల్లి నాగరత్నం డిస్కుల్ని తుడిచి, బొట్లు పెట్టి, పళ్ళెంలోకి మార్చేసింది. కొత్త గూటికి వెళ్ళేవాటికి బొట్టు లేకపోతే ఎలా?

"పిన్నిగారూ! నంబర్లు చెరిపేశారేంటండీ? వరుస తప్పితే పిల్లకి మీరెవరో కూడా తెలీదు!"

నాగరత్నం నెత్తి కొట్టుకుంది. "నా చేతులు పడిపోనూ! నా తల్లిని నేనే పోగొట్టుకున్నానే!"

అంతలో ఆమె చూపు బొట్లమీద ఆగింది. కుంకుమలో వేలు ముంచింది ఒక్కసారే. ఒక బొట్టు చిక్కగా ఉంది, మిగతావి పలచబడుతూ పోయాయి.

"ఎడమ చివర్నుంచే పెట్టుకొచ్చానమ్మా."

"ఖాయమేనా?"

"ఏమో... అలాగే అనుకుంటున్నా."

సలోమి చిక్కటి బొట్టు నుంచి పలచటి బొట్టు దాకా ఆ వరుసలోనే దోపింది. లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. హైమ చూపు మెల్లగా కదిలి, తల్లి ఎర్రటి వేలి దగ్గర ఆగింది.

"అమ్మా, నా బుర్రక్కూడా బొట్టెట్టేశావా?"